చెవులు లేని పరీక్ష

లాక్‌డౌన్‌ల కరెంటు మగ్గాలు బందయినంక, సూరత్‌ల ఆ సాంచాలు నడిపే బుచ్చిరాములుకు కుక్కల షెల్టర్‌ల కడుగుడు పని దొరికింది. రెండు పూటలా కడుపు నింపిన జాగ అని ఆయనకు దానిమీద పానం.

అయినా ఆ పొద్దు ఆయనకు కోపమొచ్చింది. సాదుకునేటోళ్లకు ఇచ్చే ముందు షెల్టర్ నడిపే హేతల్‌బెన్ ప్రతి కుక్కకూ పరీక్ష పెడ్తది. ఒక నల్లకుక్క పిలిస్తే రాలేదు, వెనకనుంచి ముడితే కరవబోయింది. "ఫెయిల్. దీన్ని ఎవలకూ ఇయ్యలేం," అని ఆమె కాయితం మీద రాసింది.

"గిదేం పరీక్ష బెన్? వెనకనుంచి ముడితే నేను గూడ ఎగిరిపడ్త!" అన్నడు బుచ్చిరాములు. ఇరవై ఏండ్ల సాంచాల మోతకు ఆయన చెవులు సగం పోయినయ్.

ఆయన ఆ కుక్కకు ఎదురుంగ పోయి, సాంచాల కాడ తోటి కార్మికుణ్ణి పిలిచినట్టే చెయ్యి ఊపిండు. కుక్క తోకాడిచ్చుకుంట ఉరికొచ్చి ఆయన కాళ్లకు ఒరిగింది. దానికి చెవులు వినపడయని అప్పుడు తెలిసింది.

"తప్పు నాదే భయ్యా," అని హేతల్‌బెన్ ఆ కాయితం చింపేసింది.

మాపటికి బువ్వ యాళ్లయితే ఆమె ఎప్పటిలెక్క వెనకనుంచి కేకెయ్యలేదు. ఎదురుంగ వచ్చి నిలవడి, బుచ్చిరాములుకు చెయ్యి ఊపింది.