చావనన్న రాక్షసుడు

మాది నెల్లూరు జిల్లాలో సముద్రం ఒడ్డు పల్లె. అరవైలలో ఒక ఏడాది మా ఊరి కుర్రాళ్లు నాటకం వేశారు. రాకుమారుడు ఏడు సముద్రాలు దాటి, రాక్షసుడి ప్రాణమున్న చిలకను పట్టుకుని, రాకుమారిని విడిపించాలి. ఆ రాకుమారుడి వేషం కట్టాల్సినవాడు, చేపలు బాగా పడుతున్నాయని తెలిసి నాటకం రోజునే వేటకు పోయాడు. వెనక కూర్చుని మాటలు అందించాల్సిన నా నెత్తిన కిరీటం పెట్టారు. నేను వద్దు మొర్రో అన్నా వినలేదు. రెండో సముద్రం దాటేసరికే నా మాట ముందు వరసకు కూడా వినపడకుండా పోయింది.

రాక్షసుడు మా మేనమామ. బాగా కల్లు తాగి వచ్చాడు. చిలక దొరక్క, అత్త పెంచుకునే కోడిపెట్టకు పచ్చరంగు పూశారు. నేను దాన్ని పట్టుకోగానే ఆయన కూలిపోవాలి. కానీ జనం ఈలలకు మురిసిపోయి నన్నే తరమసాగాడు.

"మామా, చచ్చిపో మామా," అని గొణిగాను.

"నువ్వెంత, నన్ను చంపేదానికి?" అంటూ గదతో వీపున ఒకటి వేశాడు.

నాకు ఒళ్లు మండింది. పెట్టను పైకెత్తి, "ఈయన చావకపోతే దీన్ని ఇప్పుడే కూర చేయిస్తా!" అని అరిచాను. మా నాటకంలో లేని మాట అది. ముందు వరసలోంచి అత్త లేచింది.

"ఏమయ్యో, అది గుడ్లు పెట్టే కోడి! నువ్వు సస్తావా, నన్నొచ్చి సంపమంటావా?"

రాక్షసుడు ఆ క్షణమే కళ్లు మూసుకుని పడిపోయాడు. నేను గడ్డం సరిగా గీసుకోని రాకుమారి చేయి పట్టుకుని, మిగతా మాటలన్నీ గొంతెత్తి చెప్పాను.

మరుసటి ఏడు ఎవరూ అడగకముందే రాకుమారుడి వేషం నాదేనన్నాను.