సైకిలు ఇరుసుకి జీడినూనె

అరవైల చివర్లో నేను పలాసలో కాపురముంటూ, ఉద్దానంలో సముద్రపు ఒడ్డునున్న ఒక ఊరి బడిలో పంతులుగా పనిచేసేవాణ్ణి. మధ్య దూరం తొమ్మిది మైళ్ళు. కాగితం మీద అది ఒక్క అంకె. ఇసకదారిలో సైకిలు మీదైతే అది ఒక జన్మ. రోజుకి రెండు జన్మల చొప్పున ఎత్తి, ఆదివారం మాత్రం ఏ జన్మా లేకుండా నులకమంచం మీద పడి ఉండేవాణ్ణి.

ఆ ఏడు నా సైకిలుకి జబ్బు చేసింది. రెండు పెడళ్ళకీ మధ్య తిరిగే ఇరుసు వదులైపోయింది. తొక్కినప్పుడల్లా కటక్కుమనేది. ఆ చప్పుడు టెక్కలి దాకా వినిపిస్తోందని మా ఆవిడ అంటే, కాదు, కోటబొమ్మాళి దాకా అని నేను సవరించేవాణ్ణి. చప్పుడుతో పోతే బాగుణ్ణు. గొలుసు ఊడి రెండుసార్లు బడికి ఆలస్యంగా వెళ్ళాను. మా హెడ్మాస్టరు అరిచే మనిషి కాదు. కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చెప్పారు.

"సోమవారం ఇనస్పెక్టరు గారు ఒత్తన్నారు మేష్టారూ. పదింటికి రిజిస్టరు ఆయన ముందుంటాది. అప్పటికి మీ గడి నిండకపోతే నానేటీ సెయ్యలేను. డొంకూరులో పంతులు ఖాళీ ఉందట."

డొంకూరంటే ఇచ్ఛాపురం అవతల, నా లెక్కలో భూమి అంచు. మా ఆవిడకి అప్పుడు ఎనిమిదో నెల. ఆమెని వదిలి అక్కడికి వెళ్ళలేను, తీసుకునీ వెళ్ళలేను.

సైకిలు షాపతను కొత్త ఇరుసు, రెండు ఇనప కప్పులు, ఇరవై రెండు ఉక్కు గుళ్ళు పొట్లం కట్టి నా చేతిలో పెట్టి, షాపుకి తాళం వేసి, కూతురి పురిటికని హరిశ్చంద్రపురం వెళ్ళిపోయాడు. అంచేత ఆదివారం పొద్దున్నే పెరట్లో సైకిలు బోర్లించి యుద్ధం నేనే మొదలెట్టాను. పెడలుండే క్రాంకుని ఇరుసుకి పట్టి ఉంచే పిన్ను ఒకటుంటుంది, చిటికెన వేలంత. దానికి నేను వేసిన సుత్తిదెబ్బలతో ఒక రైలు వంతెన కట్టొచ్చు. గొలుసు పక్కనుండే కప్పుకి మరలు తిరగేసి ఉంటాయని నాకు తెలియదు. విప్పుతున్నాననుకుని గంటసేపు దాన్ని బిగించాను.

అప్పుడు దిగాడు మా బావ. మా ఆవిడకి అన్న. ఉద్దానంలో జీడీ కొబ్బరీ తోటలున్న ఆసామి. అతనికి తెలియనిదంటూ ఏదైనా ఎదురుపడితే, అది కూడా తెలుసనే చెప్పేవాడు.

"ఏటి బావా, దాని పీక పిసుకుతన్నావా?"

"విప్పుతున్నాను."

"ఇంకొంచెం ఇప్పినావంటే పగిలిపోతాది. అటు కాదు, ఇటు తిప్పు."

ఇటు తిప్పితే ఊడింది. ఆ ఒక్కమాట నిజమవడమే నా కొంప ముంచింది. ఇక అతనేం చెప్పినా వినే స్థితికి వచ్చేశాను.

కప్పుల్లో గ్రీజు పూసి గుళ్ళు పేర్చాలి. ఇంట్లో గ్రీజు లేదు.

"గ్రీజేటికి? మన పడవలకేటి రాత్తన్నారు? జీడినూనె! ఏడాదంతా ఉప్పునీటిలో నానినా సెక్కకి ఏటీ అవదు. నీ బండి తిరిగేదీ ఆ ఉప్పుగాలిలోనే గదా?"

"పడవకి పెడళ్ళుండవు గదన్నా," అంది మా ఆవిడ గుమ్మంలోంచి.

"నువ్వూరుకోయే. మగోళ్ళం పని సేసుకుంతన్నాం."

జీడిపిక్కల పెంకుల్లోంచి తీసే ఆ నూనె నల్లగా, చిక్కగా ఉంటుంది. చిక్కదనం చాలలేదని బావ దాన్ని పొయ్యి మీద కాచి మరీ తెచ్చాడు. నేను వేళ్ళతో తీసి రెండు కప్పులకీ దట్టంగా పట్టించి, కప్పుకి పదకొండు చొప్పున గుళ్ళు పేర్చాను. అంతా అయ్యాక బావ నింపాదిగా అడిగాడు.

"సేతులకి ముందు కొబ్బరినూనె రాసుకున్నావు గదా? లేకపోతే తోలు ఊడిపోతాది."

ఇక బిగింపు. వదిలితే ఇరుసు ఊగుతుంది, బిగిస్తే తిరగదు. ఆ రెంటికీ నడుమ వెంట్రుకవాసి చోటుంది. ఆ చోటు కోసం పదిహేనుసార్లు బిగించి పదిహేనుసార్లు వదిలాను. పదహారోసారి దొరికింది. పైన రింగు బిగించి పెడలు తోశాను. చప్పుడు లేదు, ఊగులాట లేదు, వెన్నలో తిరిగినట్టు తిరిగింది. నా జీవితంలో అంత చక్కగా కుదిరిన పని అంతకు ముందు లేదు. ఆ తరవాత కూడా లేదు.

"ఇప్పుడు ఎండెయ్యాలి," అన్నాడు బావ. "ఎండ పడితేనే నూనె పడతాది. పడవలని సూళ్ళేదేటి?"

ఒడ్డున పడవని బోర్లించినట్టు సైకిలుని నడి ఎండలో బోర్లించి, ఇద్దరం భోంచేసి పడుకున్నాం.

నాలుగింటికి లేచి పెడలు పట్టుకుని తిప్పాను. సైకిలు మొత్తం తిరిగి నా మీద పడింది గాని పెడలు మాత్రం కదల్లేదు. నూనె లక్కలా గడ్డకట్టి ఇరుసునీ, గుళ్ళనీ, కప్పుల్నీ ఒకే ముద్ద చేసేసింది.

"సూసినావా, ఎలా పట్టిందో!" అన్నాడు బావ, గర్వంగా. "ఇంక దానిలోకి సుక్క నీరు ఎల్లదు."

కిరసనాయిలు పోశాం. సుత్తితో కొట్టాం. చీకటి పడేసరికి బావ తన బండెక్కి ఊరికి పోయాడు. నా అరచేతులు బూరెల్లా పొంగి, నల్లబడి, బొబ్బలు లేచాయి. మా ఆవిడ వాటికి కొబ్బరినూనె రాస్తూ కూర్చుంది.

"డొంకూరు ఎయ్యనియ్యకండి," అంది. "కోడి కూసినప్పుడు లేపుతాను. నడిసెల్లండి."

నడిచాను. ఇసకలో ఒక అడుగు వేస్తే అర అడుగు వెనక్కి వస్తుంది గనక నా లెక్కన తొమ్మిది మైళ్ళు పద్దెనిమిదయ్యాయి. చెప్పు తెగితే చంకలో పెట్టుకున్నాను. పదికి పావుగంట ముందు బడిలో ఉన్నాను. ఇనస్పెక్టరు అప్పటికే కుర్చీలో కూర్చుని రిజిస్టరు నావైపు తిప్పారు. కలం తీసుకున్నాను. వేళ్ళు మడతపడలేదు. కలం జారి కింద పడింది. తీశాను. మళ్ళీ పడింది. గోడ గడియారం నా ప్రాణం తోడుతోంది.

ఇనస్పెక్టరు నా చేతులు చూశారు, ముఖం చూశారు, చంకలో చెప్పు చూశారు, చెప్పు లేని కాలు చూశారు.

"ఎలా వచ్చారు?"

"నడిచేనండి. పలాస నుంచి."

ఆయన సిరా దిండు నా ముందుకు తోశారు. పిల్లలకి అక్షరాలు దిద్దించి జీతం తీసుకునే నేను, నాలుగో తరగతి పిల్లలంతా కిటికీలోంచి చూస్తుండగా, హాజరు పట్టీలో ఎడమ బొటనవేలి ముద్ర వేశాను. పక్కన హెడ్మాస్టరు, 'ఇది ఈ బడి పంతులు గారి నిశాని' అని రాసి సంతకం చేశారు. ఇనస్పెక్టరు టైము చూసి రిజిస్టరు మూసేశారు. డొంకూరు మాట ఎవరూ ఎత్తలేదు.

సాయంత్రం మళ్ళీ తొమ్మిది మైళ్ళూ నడిచి, ఇల్లు చేరి, గుమ్మంలోనే చతికిలబడ్డాను.

"డొంకూరు లేదు," అన్నాను.

మా ఆవిడ కంచంలో అన్నం కలిపి తెచ్చి, పొట్ట పట్టుకుని మెల్లగా నా ఎదురుగా కూర్చుంది. నా చేతులు పనికి రావు గనక తనే ముద్దలు చేసి నోట్లో పెట్టింది. మూడో ముద్ద నమలకుండానే నిద్రపోయానట.