మీటరమ్మ మోకాలు, సోఫాల ఆయన స్పంజి

వీధిలో ఆమె అసలు పేరు ఎవరికీ తెలీదు. ఇరవై రెండేళ్ళుగా గుమ్మం గుమ్మానికీ వెళ్ళి కరెంటు మీటరు చూసి బిల్లు చేతిలో పెడుతున్న మనిషికి మీటరమ్మ కంటే మంచి పేరేం కావాలి? ఏ మేడకి ఎన్ని మెట్లో, ఏ ఇంట్లో కుక్క అరుస్తుందో, ఏ ఇంట్లో కుక్క కంటే యజమాని ఎక్కువ అరుస్తాడో ఆమెకు కంఠతా వచ్చు. ఆ తిరుగుడంటే ఆమెకు ప్రాణం.

అలాంటి మనిషికి కుడి మోకాలు ఎదురు తిరిగింది. మెట్లు ఎక్కేటప్పుడు ఎలాగో ఓర్చుకునేది, దిగేటప్పుడు మాత్రం చుక్కలు కనిపించేవి. రెండు నెలలు ఎవరికీ చెప్పకుండా నెట్టుకొచ్చింది. చివరికి ఆమె పక్కకి తిరిగి, కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగడం సూపర్వైజరు చూడనే చూశాడు.

"వచ్చే నెల మొదటి సోమవారం నేనూ మీతో వస్తానమ్మా. ఆరంతస్తుల మేడ ఎక్కి దిగుదాం. కష్టమనిపిస్తే ఆఫీసులో కుర్చీ ఉంది, హాయిగా కూర్చోండి" అన్నాడు.

పాపం, ఆయన మంచికే అన్నాడు. మీటరమ్మ గుండెల్లో మాత్రం రాయి పడింది. కుర్చీలో కూర్చుంటే రోజంతా చూడాల్సింది ఎదురుగోడనే.

కబురు మొగుడి చెవిన పడింది. ఆయన సోఫాలు కుట్టే మనిషి. గచ్చు మీద మోకాళ్ళూని, నోట్లో మేకులు పెట్టుకుని, పొద్దస్తమానం సుత్తితో కొడుతూ ఉంటాడు. లోకంలో ఏ బాధకైనా ఆయన దగ్గర ఉన్న మందు ఒక్కటే, స్పంజి.

"నువ్వు ఊరుకో, నేను చూసుకుంటాగా" అని ఆమె రోజూ వేసుకునే చెప్పుల మీద మూడంగుళాల సోఫా స్పంజి అతికించి, పైన ఎర్ర రెగ్జిను బిగించి, అంచులకు పైపింగు కూడా కుట్టాడు. వాటిని చెప్పులనడం కష్టం. రెండు బుల్లి దివాన్లు.

"అబ్బ, ఎంత మెత్తగా ఉన్నాయండీ" అని మీటరమ్మ మురిసిపోయింది. ఆ మురిపెం మూడో వీధి దాకానే. అడుగు వేస్తే పాదం ఒక పక్కకి, మడమ ఇంకో పక్కకి పోతోంది. సాయంత్రానికి మోకాలు పొంగిపోయింది. ఆయన దాన్ని చూసి కాసేపు ఆలోచించి, "ఇంకో అంగుళం వేయమంటావా?" అన్నాడు. ఆమె చూసిన చూపుకి సుత్తి తీసుకుని అవతలికి పోయాడు.

మర్నాడు ఆస్పత్రిలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి మోకాలు వంచి చూసింది, నడిపించి చూసింది. తర్వాత ఆ దివాన్లలో ఒకదాన్ని, నవ్వు ఆపుకుంటూ, తిరగేసింది. అడుగున మడమ బయటి అంచు అరిగిపోయి ఏటవాలుగా ఉంది.

"పైన పరుపు వేశారు గానీ అడుగు ఎవరూ చూడలేదా ఆంటీ? వాలు మీద నడుస్తున్నారు మీరు" అంది. "మంచి బూట్లు వేసుకోండి. మెత్తదనం కొంచెం చాలు. మడమని కదలకుండా పట్టుకోవాలి, ఎత్తు ఉండకూడదు. వేళ్ళ దగ్గర వంగాలి, మధ్యలో వంగకూడదు. సాయంత్రం పూట, కాళ్ళు కాస్త ఉబ్బాక వెళ్ళి కొనండి. బూట్లే మందని మాత్రం అనుకోకండి, తొడకి బలమొచ్చే కసరత్తు చెబుతాను, రోజూ చేయాలి."

సాయంత్రం మీటరమ్మ చెప్పుల కొట్టు మీద దండయాత్రకు బయల్దేరింది, వెనకాల మొగుడు. ప్రతి జతనీ బట్ట పిండినట్టు మెలిపెట్టింది. మెలి తిరిగినదాన్నల్లా పక్కన పెట్టేసింది.

"కొంటారా, ఉతుకుతారా అమ్మా?" అన్నాడు కొట్టాయన.

"మీ మేడమెట్లు పధ్నాలుగు, మీటరు వాటి కిందే ఉంది. ఎక్కి చూసి కొంటాను, కాస్త జరగండి" అంది.

ఎనిమిది జతలతో ఎక్కి దిగింది. తొమ్మిదోది బూడిదరంగు బూట్ల జత, అందమా చందమా. వాటితో దిగుతూ సగం మెట్ల మీద ఆగిపోయింది. చెయ్యి కమ్మీ మీద లేదు. మనిషి పక్కకి తిరిగి లేదు.

"ఏవండీ, తిన్నగా దిగుతున్నానండీ" అంది. కొట్టులో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. ఆయన మాత్రం బూటు బొటనవేలితో నొక్కి, "ఇందులో స్పంజి ఏదీ?" అని గొణిగాడు.

సోమవారం వచ్చింది. మూడు వారాల కసరత్తు తొడలో ఉంది, బూడిదరంగు బూట్లు కాళ్ళకున్నాయి. ఒకటి, రెండు, మూడు అంతస్తులు గడిచాయి. నాలుగో దాంట్లో సూపర్వైజరు గోడకి ఆనుకుని రొప్పుతున్నాడు.

"పదండి సార్, ఇంకా రెండే."

అసలు పరీక్ష దిగడంలో. రెండో అంతస్తు దగ్గర మోకాలు చురుక్కుమంది. ఆగింది, ఊపిరి తీసుకుంది, తిన్నగానే దిగింది. కిందికొచ్చాక సూపర్వైజరు చెమట తుడుచుకుంటూ, "ఆ కుర్చీలో నేనే కూర్చుంటాలెండి" అన్నాడు. మీటరమ్మకు ఒళ్ళంతా సంతోషమే.

పరుగులాంటి నడకతో ఇంటికొచ్చేసరికి మొగుడు గచ్చు మీద పనిలో ఉన్నాడు. ఆమెని చూసి ఏదో చటుక్కున సోఫా వెనక్కి తోశాడు. ఆమె లాగి చూసింది. ఎర్ర రెగ్జిను మెత్త, చుట్టూ పైపింగు.

"ఆఫీసు కుర్చీ గట్టిగా ఉంటుందేమోనని..." అని నసిగాడు.

నేను గెలుస్తానని నమ్మలేదా అని విరుచుకుపడబోయింది. అంతలో ఆయన లేవబోయాడు. ఒక చెయ్యి సోఫా మీద, ఒక చెయ్యి తొడ మీద వేసి, రెండు విడతలుగా, పళ్ళు బిగించి. రోజూ చూసేదే, ఎప్పుడూ పట్టించుకోనిదే. లుంగీ కింద మోకాళ్ళు నల్లగా కాయలు కాసి ఉన్నాయి. ఊరందరికీ మెత్తలు కుట్టిన మనిషి తన మోకాళ్ళ కింద ఒక గోనెసంచీ అయినా వేసుకోలేదు.

ఆమె ఆ మెత్త తీసి గచ్చు మీద పరిచింది.

"దీని మీద ఆనుకోండి. మీ స్పంజి పనికొచ్చే చోటు ఇది. రేపు ఆ అమ్మాయి దగ్గరికి మీరూ వస్తున్నారు."

ఆయన అనుమానంగా ఒక మోకాలు ఆనించాడు, తర్వాత రెండోది.

"అబ్బ," అన్నాడు చివరికి, "ఇంత మెత్తగా ఉంటుందా?"