మమ్మల్ని అడిగిన కాగితం

మొన్న పొద్దున పాలపాకెట్టు కోసం బజారుకు వెళ్ళినప్పుడు, మా పట్టణంలో కూరగాయలమ్మే ఆడవాళ్ళు కూర్చునే కాలిబాట పక్కన, కరెంటు స్తంభానికి మున్సిపల్ ఆఫీసువాళ్ళు ఒక ప్రకటన అతికించి ఉండటం చూశాను. తెలుగులోనే ఉంది. కానీ ‘సదరు’, ‘పైన ఉదహరించిన’, ‘ప్రతిపాదించడమైనది’, ‘దాఖలుపరచుకొనవలయును’ అనే మాటల మధ్య అసలు సంగతి ఎక్కడ దాక్కుందో, కళ్ళజోడు సర్దుకుని మూడుసార్లు చదివితే గానీ నాకే అంతుపట్టలేదు. ఆ స్తంభం కింద గోనెసంచి పరుచుకుని తోటకూర కట్టలు పేర్చుకుంటున్న ఒక పెద్దామె నన్నే చూస్తోంది.

“ఏం రాసిన్రు సారూ? నిన్నటిసంది అందరు జూసి పోతున్రు, ఎవ్వరు చెప్తలేరు.”

“ఇగ ఈడ కూరగాయలు అమ్మనియ్యరట అమ్మా, వేరే కాడికి పంపుతరట. నీకేమన్న ఇబ్బందుంటే పదిహేను దినాలల్ల ఆఫీసుకొచ్చి చెప్పుమంటున్రు.”

“గా ముక్కనే రాయచ్చు గద,” అని ఆమె మళ్ళీ తోటకూర మీద నీళ్ళు చల్లుకోసాగింది.

నేను పాలపాకెట్టు కొనకుండానే ఇంటికి వచ్చేశాను. డాక్టరు నన్ను కోపం తెచ్చుకోవద్దన్నాడు. కానీ ఇది ఇవాళ తెచ్చుకున్న కోపం కాదు, ముప్ఫై ఏళ్ళ నాటిది. నా ఈడువాళ్ళకు చెబితే అర్థమవుతుందనే నమ్మకంతో, చల్లారకముందే రాసిపెడుతున్నాను.

తొంభైలలో నేను బహ్రెయిన్‌లో ఉన్నాను. మా వైపు గల్ఫులో ఏ దేశానికి పోయినా దుబాయి పోయిండనే అంటారు కనుక, మా ఊరి లెక్కలో నేనూ దుబాయి పోయినవాణ్ణే. మా చిన్న మేనమామ నాకంటే ఆరేళ్ళ ముందు అక్కడికి చేరి, ఒక కట్టడాల కంపెనీలో ఇనుపచువ్వలు వంచే పనిలో కుదిరాడు. ఇంటరు ఒకటికి రెండుసార్లు తప్పి ఊళ్ళో తిరుగుతున్న నాకు అదే కంపెనీలో పనివాళ్ళ హాజరు రాసే టైంకీపర్ పని చూసి వీసా పంపించాడు. గుదైబియా అనే పేటలో ఒక పాత బిల్డింగు మూడో అంతస్తులో, ఒక గదిలో ఎనిమిది మందిమి ఉండేవాళ్ళం. కింద ఇస్త్రీ దుకాణం, దాని పక్కన మలయాళీల కెఫెటేరియా. మెట్లు దిగుతుంటే ముందు ఇస్త్రీ ఆవిరి వాసన, తర్వాత మరిగిన టీ వాసన తగిలేవి. శుక్రవారం డ్యూటీ ఉండదు కనుక ఆ రోజు మామ పచ్చిపులుసు చేసేవాడు. ఇంటి నుంచి ఎవరికైనా మాటలు నింపిన క్యాసెట్టు వస్తే గది మొత్తం కూర్చుని వినేది. ఒకడి తల్లి ఏడిస్తే ఎనిమిది మందిమీ ముఖాలు కడుక్కునేవాళ్ళం.

ఆ బిల్డింగులో తెలుగువాళ్ళందరికీ నేనే చదువుకున్నవాణ్ణి. ఉత్తరాలు, ఆస్పత్రి చీటీలు, కంపెనీ ఇచ్చే కాగితాలు అన్నీ నా దగ్గరికే వచ్చేవి, నేను చదివి చెప్పిందే వేదం. ఇంటరు తప్పినవాడికి అంత గౌరవం దక్కితే తల కొంచెం బిరుసెక్కుతుంది. నాకూ ఎక్కింది.

మా బిల్డింగు ముందు సందు దాటితే పెద్ద రోడ్డు. కంపెనీ బస్సు రోడ్డుకు అవతలి వైపు ఆగేది. నడుమ ఉన్న డివైడర్‌లో, సరిగ్గా మా సందుకు ఎదురుగా, ఒక ఖాళీ జాగా ఉండేది. మా ఒక్క బిల్డింగే కాదు, ఆ చుట్టుపక్కల ఉండే పనివాళ్ళంతా పొద్దున ఐదింటికి అందులోంచే దాటి ఎవరి బస్సు వాళ్ళు ఎక్కేవాళ్ళం.

ఒక శుక్రవారం ఇస్త్రీ దుకాణం గోడ మీద ఒక కాగితం కనబడింది. పైన అరబ్బీ, కింద ఇంగ్లీషు. నలభై మంది దాకా గుమిగూడి, నేను వస్తుంటే దారిచ్చారు. ఇంగ్లీషు భాగం మొత్తం ఒకే వాక్యం. పాదచారుల సంచారాన్ని క్రమబద్ధం చేయడానికని మొదలై, ఎక్కడెక్కడికో తిరిగి, చివర ప్రభావితమయ్యే ఏ వ్యక్తి అయినా ముప్ఫై రోజుల లోపల తన అభిప్రాయాన్ని రాతపూర్వకంగా ఫలానా ఆఫీసుకు పంపవచ్చునని ముగిసింది.

“ఏం రాసిన్రురా అల్లుడా?” అన్నాడు మామ.

“రోడ్డు బాగుచేస్తరట మామా,” అన్నాను.

అంతే అన్నాను. నాకు మొదటి సగం అర్థం కాలేదు, అర్థం కాలేదని నలభై మంది ముందు చెప్పడానికి నోరు రాలేదు. చివరి మాట మాత్రం అర్థమైంది. అర్థమయ్యి కూడా చెప్పలేదు. ఆ ‘ఏ వ్యక్తి అయినా’ అనే మాటలో మేమూ ఉంటామని నాకు తట్టలేదు. మర్నాడు మాత్రం మనసాగక కంపెనీ ఆఫీసులో అకౌంటెంటును అడిగాను. ఆయనా మనదేశం వాడే. తలెత్తకుండానే, అది ఇళ్ళూ భూములూ ఉన్నవాళ్ళకు, నీకూ నాకూ కాదు, ఖలాస్, పోయి హాజరు రాసుకో అన్నాడు. నేను పోయి హాజరు రాసుకున్నాను.

ముప్ఫై రోజులు గడిచాయి. ఆ తర్వాత ఒక వారంలోనే డివైడర్ పొడుగునా రొమ్మెత్తు ఇనుప జాలీ కంచె లేచింది. మా ఖాళీ జాగా మూసుకుపోయింది. దాటాలంటే సిగ్నలు దాకా నడవాలి, అక్కడినుంచి అవతలి వైపున మళ్ళీ అంత దూరమూ వెనక్కి రావాలి. ఉక్కపోతలో పావుగంట పైన పట్టేది. బస్సు ఆగదు. డ్రైవరు యల్లా యల్లా, నడవండి నడవండి అంటూ హారన్ కొట్టి వెళ్ళిపోతే ఆ రోజుకు డ్యూటీ లేనట్టే. అందుకని జనం కంచె ఎక్కి దూకడం మొదలుపెట్టారు. నేనూ దూకాను, మామా దూకాడు. నాకు ఇరవై ఆరు, ఆయనకు నలభై ఏడు.

ఒక మంగళవారం పొద్దున మామ ప్యాంటు అంచు జాలీ పైకొనకు చిక్కుకుంది. నేను అప్పటికే అవతలికి దాటి ఉన్నాను. ఆయన తలకిందులుగా రోడ్డు మీద పడటం, లేవబోవడం, పికప్పు బండి బ్రేకు వేసినా ఆగకపోవడం, అన్నీ చూశాను. తొడ ఎముక రెండు చోట్ల విరిగింది. సర్కారు ఆస్పత్రిలో మంచి వైద్యమే చేశారు, నర్సులు సొంత మనుషుల్లాగా చూశారు, అందులో ఎవరినీ అనడానికి లేదు. కానీ ఆ కాలు మళ్ళీ సరిగా మడత పడదని, చువ్వలు వంచే పని ఇక కుదరదని చెప్పారు.

ఇంటికి పంపే ముందు ఒక సాయంత్రం, కాలు పైకి కట్టి ఉండగా, మామ నన్ను దగ్గరికి పిలిచాడు.

“ఆ కాయితంల నిజంగ ఏమున్నదిరా?”

అప్పుడు చెప్పాను. మెల్లగా, ఒక్కో మాటా విడదీసి చెప్పాను. మనం దాటే జాగాను మూసేస్తామన్నారు మామా, దానివల్ల ఎవరికైనా కష్టముంటే ముప్ఫై రోజుల్లో రాయమన్నారు అన్నాను.

“అంటే మనల్ని అడిగిన్రా?”

“అడిగిన్రు.”

“గట్లయితే చెప్పకపోతుంటిమా,” అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. అననందుకు నాకు నా మీద వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు.

మామను విమానం ఎక్కించిన మర్నాడు సెలవు పెట్టి, కాగితంలో రాసి ఉన్న ఆ ఆఫీసుకు పోయాను. లోపలికి రానివ్వరనుకున్నాను, రానిచ్చారు. అక్కడి అధికారి నన్ను కూర్చోమన్నాడు, టీ తెప్పించాడు, మామ సంగతి విని నిజంగానే నొచ్చుకున్నాడు. తర్వాత బీరువాలోంచి ఫైలు తీసి నా ముందు పెట్టాడు. అందులో ఒక పేజీలో, వచ్చిన అభిప్రాయాలు అనే మాటకు ఎదురుగా, ఏవీ లేవు అని టైపు చేసి ఉంది.

“మేం అడిగాం కదా భాయ్,” అన్నాడు హిందీలో, “ఎవరూ ఏమీ రాయలేదు. రాయకపోతే అందరికీ సమ్మతమేననుకుంటాం.”

ఆ దాటే వాళ్ళలో ఒక్కడికైనా ఆ కాగితం అర్థమవుతుందా అని అడిగాను. అరబ్బీ, ఇంగ్లీషు వేయాలని నియమం, వేశాం అన్నాడు. ఆయన దుర్మార్గుడైతే నాలుగు తిట్టి బయటపడేవాణ్ణి. మర్యాదస్తుడు. మర్యాదగా అడిగారు, మర్యాదగా ముప్ఫై రోజులు ఎదురుచూశారు, మర్యాదగా ఇనుప జాలీ బిగించారు. అర్థం కాని భాషలో అడిగి, జవాబు రాలేదని రాసుకోవడం కంటే అసలు అడగకపోవడమే నయం. అప్పుడు కనీసం మా మౌనాన్ని సమ్మతి కింద కట్టరు. లేవబోతుంటే ఆయన ఒక మంచి మాట చెప్పాడు. కంచెను ఇంకా ముందుకు పొడిగించే ఆలోచన ఉందని, అప్పుడు మళ్ళీ ప్రకటన వస్తుందని, ఈసారి రాయమని.

ఆ రోజుల్లో రాజోలు వైపు నుంచి వచ్చి బుసైతీన్ అనే చోట ఒక ఇంట్లో పనిచేసే ఆవిడ ఉండేది. శుక్రవారాలు గుదైబియాకు వచ్చి నా చేత ఉత్తరాలు రాయించుకునేది, నేను అక్కా అనేవాణ్ణి. ఆవిడ యజమాని ఈసా టౌన్‌లో ఒక బడిలో చదువు చెప్పి రిటైరైన పెద్దమనిషి. మామ సంగతి విని ఆవిడ ఆయన్ని అడిగిందట, ఇలాంటి కాగితం ఎలా చదవాలయ్యా అని. మరుసటి శుక్రవారం వచ్చి ఆ పాఠం నాకు అప్పజెప్పింది.

“మా అయ్యగారు ఏవన్నారంటే తమ్ముడూ, ముందు చివర్నించి చదవమన్నారు. ఎప్పటికల్లా చెప్పాలో, ఎక్కడ చెప్పాలో అడుగునే ఉంటాదంట. ఆ తర్వాత పైకెళ్ళి, ఏం చేత్తారో ఎక్కడ చేత్తారో ఎతుక్కోవాలంట. మిగతా మాటలు ఒట్టి తాలు, చెరిగి పారెయ్యమన్నారు.”

పెద్ద చదువు చదివినవాళ్ళు చాలామంది తర్వాత నాకు చాలా చెప్పారు గానీ, అంత పనికొచ్చే చదువు ఇంకెవరూ చెప్పలేదు.

రెండో ప్రకటన వచ్చిన రోజే, కెఫెటేరియా గోడకున్న క్యాలెండరులో అయిపోయిన నెల కాగితం చించుకుని, దాని వెనక లావుపాటి అక్షరాలతో తెలుగులో రాశాను. కంచెను సిగ్నలు దాటి పొడిగిస్తారు, సిగ్నలు దగ్గరి దారినీ మూస్తారు, మనకు దాటే దారి ఎక్కడా ఉండదు, మీకు కష్టమైతే చెప్పమని సర్కారు అడుగుతోంది, చెప్పాల్సింది మనమే, ఈ నెలాఖరు లోపల. అంతే. ఇస్త్రీ దుకాణం భాయ్ దాన్ని హిందీలో రాయించాడు, కెఫెటేరియా వాళ్ళు మలయాళంలో రాశారు. అసలు కాగితం పక్కనే మూడూ అతికించాం. మధ్యాహ్నానికి మా బిల్డింగు వాచ్‌మన్ భయపడి చించేశాడు. మళ్ళీ అతికించాం. మళ్ళీ చించాడు. మూడోసారి నేను అతడి ఎదుటే నిలబడి, అందులో ఏముందో అతడికి చదివి వినిపించాను. అతడూ ఆ రోడ్డు దాటి కూరగాయలు తెచ్చుకునేవాడే. ఆ తర్వాత చించలేదు.

అకౌంటెంటు నన్ను పిలిచి, మనకు వీసా ఇచ్చిన కఫీల్ చెవిన పడితే నీ వీసా క్యాన్సిల్ అన్నాడు.

“మీరు పోయిన మాటు మాకు కాదన్నరు. అందుల ‘ఏ వ్యక్తి అయినా’ అనున్నది. నేను మనిషిని గానా?” అన్నాను. నా గొంతు అంత పైకి లేస్తుందని నాకే తెలియదు. ఆఫీసంతా తలలెత్తి చూసింది. ఆయన కాగితాల్లోకి తల వంచుకున్నాడు.

కానీ భయం భయమే. ఉత్తరం తయారైంది, మామ ఎలా పడ్డాడో అందులో రాశాను. సంతకాల దగ్గరికి వచ్చేసరికి మగవాళ్ళంతా ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఆ శుక్రవారం వచ్చిన అక్క చున్నీ సర్దుకుని ముందుకొచ్చి, ఇంకుప్యాడ్ మీద బొటనవేలు ఒత్తి కాగితం మీద వేసింది. “నేనూ ఈ రోడ్డు దాటే వత్తున్నాను కదా,” అంది. తర్వాత వరస కట్టారు. ఆ వేలిముద్రల కాగితాలు నేనే పట్టుకుపోయి ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకున్నాను.

నాలుగు నెలలకు పని మొదలైంది. కంచె పొడిగించలేదు. మా సందుకు ఎదురుగా జాలీ కోసి, తెల్లచారలు గీసి, పసుపుపచ్చ దీపం పెట్టారు. ఎందుకు చేశారో ఎక్కడా రాయలేదు. మొదటి రోజు చారల మీద నడిచి దాటుతూ కొందరు నవ్వారు, ఒకరిద్దరు నా భుజం తట్టారు. నాకు సంతోషం రాలేదు. ఒక్క ఉత్తరానికి కోయగలిగిన కంచెను, ముందే ఆ ఉత్తరం రాసి ఉంటే బిగించేవాళ్ళే కాదు కదా అన్న లెక్క ఒక్కటే బుర్రలో తిరిగింది. మామకు ఉత్తరం రాశాను. ఎవరితోనో రాయించి జవాబు పంపాడు. మంచిగైంది అల్లుడా, మిగిలినోళ్ళన్న పైలంగ దాటుతరు అని.

మామ పోయి పన్నెండేళ్ళయింది. అక్క ఎక్కడుందో తెలియదు. నేను తిరిగి వచ్చాక చాలా కాలం మా ఊళ్ళో కాగితాలు తెచ్చి నా చేత చదివించుకునేవాళ్ళు ఉండేవారు, ఇప్పుడు ఎవరూ రారు. పిల్లలందరికీ చదువొచ్చింది. ఏ భాషలో ఉన్నా ఫోను క్షణంలో తిప్పి చూపిస్తుందట. మంచిదే. కానీ ఎవరి ఫోనులో వాళ్ళు, ఎవరి గదిలో వాళ్ళు చదువుకుని, తమకు కాదులే అనుకుని పక్కకు తోసేస్తున్నారు. ఒక్క కాగితం చుట్టూ నలభై మంది నిలబడి, వెనకున్నవాళ్ళు వినబడలేదు ఇంకోసారి చదువు అని అరిచిన ఆ గోడ ముందు, నేను సరిగా చదవలేదు. సరిగా చదవడం నేర్చుకున్నాక, మళ్ళీ అలా చుట్టూ నిలబడినవాళ్ళు ఒక్కసారే దొరికారు. ఇప్పుడు నాకు ఎంత కష్టమైన ప్రకటన అయినా రెండు ముక్కల్లో చెప్పడం వచ్చు. మొన్నటి తోటకూర పెద్దామె తప్ప, వినడానికి ఆగేవాళ్ళే లేరు.