గుర్తు పెట్టమన్నారా, పెట్టుకోమన్నారా?

మా వీధి చివరింటి ఆయన్ని పిల్లా పెద్దా అందరూ బాట బాబాయి అనే పిలుస్తారు. అడవిలో జనం నడిచే కాలిబాటను బాగుచేయడం ఆయన ఉద్యోగం. ఎండాకాలం వచ్చిందంటే ఊపిరి సలపదు. రాలిన ఎండుటాకులు ఊడ్చాలి, నిప్పు పాకకుండా పక్కల గడ్డి చెక్కాలి, కదిలిన రాతిమెట్లు సర్దాలి. నడిచేవాళ్ల నెత్తిన పడేలా ఉన్న ఎండుచెట్లకు ఎర్రరంగుతో గుర్తు పెట్టాలి. గుర్తున్న చెట్టును రంపం మేస్త్రీ వచ్చి కోసేస్తాడు.

ఒక సాయంత్రం పై అధికారిణి ఫోన్ చేసింది. అడవి అంచున ఫోన్ సంగతి తెలిసిందేగా, సగం మాట చెవికి, సగం గాలికి. "వాగు ఒడ్డున మోడు ఉందే, గుర్తు పెట్ట..." అని వినిపించి, గరగరమని ఆగిపోయింది. మర్నాడు పొద్దున్నే బాబాయి వెళ్లి మోడుకు అరచేతి వెడల్పున ఎర్రగా గుర్తు పెట్టి వచ్చాడు.

భోజనాల దగ్గర పిన్ని అడిగింది.

"ఇంతకీ ఆవిడ గుర్తు పెట్టమందా, గుర్తు పెట్టుకోమందా?"

బాబాయి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "రెండూ ఒకటే కదే?"

"ఒకటెలా అవుతుంది? మా చెల్లెలి పుట్టినరోజు గుర్తు పెట్టుకోమంటే దాని మొహానికి రంగు పూస్తావా?"

ఇక ఆయనకు అనుమానం పట్టుకుంది. పెట్టమందనుకుంటే అలాగే విన్నట్టుంది, పెట్టుకోమందనుకుంటే ఇలాగే విన్నట్టుంది. తిరిగి చేస్తే ఫోన్ కలవదు. మిట్టమధ్యాహ్నం ఎండలో మోడు దగ్గరకు పరుగెత్తాడు. గుర్తుకు కాస్త పైన తొర్రలోంచి కిచకిచలు! వడ్రంగిపిట్ట ఒకటి ముక్కున పురుగు పట్టుకొచ్చి, తల లోపలికి దూర్చింది. దీన్ని చూసే గుర్తు పెట్టుకోమందా? లేక పిట్టల సంగతి ఆవిడకూ తెలియదా? కోయకపోతే రేపు మోడు ఎవరి మీదైనా పడితే?

ఈలోగా రంపం మేస్త్రీ రానే వచ్చాడు.

"తప్పుకో బాబాయ్, నా పని నన్ను చేసుకోనీ."

"ఇది కాదేమోరా."

"కాదేమో ఏంటి? గుర్తు పెట్టింది నువ్వేగా!"

"నేనే. ఎందుకు పెట్టానో తెలీట్లేదు."

"ఎండ గాని తలకెక్కిందా నీకు?"

బాబాయి గబగబా వాగులోకి దిగి, దోసిట్లో తడిమన్ను తెచ్చి గుర్తు మీద మెత్తాడు.

"ఇప్పుడేది గుర్తు?"

మేస్త్రీ మోడునూ, మట్టికొట్టుకున్న బాబాయినీ మార్చి మార్చి చూశాడు. "గుర్తు లేని చెట్టు కోసి నేను మాట పడాలా? మీరూ మీరూ తేల్చుకోండి" అంటూ రంపం భుజానేసుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రానికి ఫోన్ కలిసింది. బాబాయి నట్లు కొడుతూ జరిగిందంతా చెప్పి, "ఇంతకీ తమరేమన్నారు మేడమ్?" అని అడిగాడు.

"ఏమో బాబాయ్, నిన్న ఎన్ని చెట్ల గురించి ఎంతమందితో మాట్లాడానో! తొర్రలో పిల్లలున్నాయంటున్నావుగా, ఎగిరిపోయేదాకా కోయించకు. బాటే అవతలి ఒడ్డుకు తిప్పు."

ఆ వారమంతా బాబాయి వాగుకు అడ్డంగా రాళ్లు పరిచి, అవతల కొత్త బాట వేశాడు. నడవడానికి వచ్చినవాళ్లు ఊరుకుంటారా?

"తిన్నగా ఉన్న బాటను వంకర చేశావేం బాబాయ్?"

"తిప్పమన్నారు" అన్నాడు ధీమాగా. రెండడుగులు వేసి ఆగి, తల గోక్కున్నాడు. "తిప్పమన్నారనే అనుకుంటున్నాను."