ఎర్ర పోగు కట్టిన జాడీ

1968 వేసవి. బాపట్లలో ఒక ఆసుపత్రిలో నేను ఫార్మసిస్టుగా పనిచేస్తున్న రోజులు. మందులను తూచి, కలిపి, శుద్ధి చేసి ఇవ్వడం నా విధి. నా గదిలో పేరు రాయని సీసా ఉండేది కాదు. కనబడితే అందులో ఏమున్నా పారబోయించేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం పేరాల నుంచి బ్రహ్మయ్యను కారులో తీసుకొచ్చారు. నూలుకు రంగులు వేయడం ఆయన వృత్తి. పెదవులు, గోళ్లు నేరేడుపండు రంగుకు తిరిగాయి. ఆక్సిజన్ పెట్టినా ఆ నీలం తగ్గలేదు. డాక్టరమ్మ రక్తం తీసి చూస్తే అది ఎర్రగా లేదు, చాక్లెట్ రంగులో ఉంది. వడపోత కాగితం మీద ఒక చుక్క వేసి గాలికి ఆడించినా ఎర్రబడలేదు.

వరండాలో ఆయన భార్య శేషమ్మ కోడలి మీద విరుచుకుపడుతోంది.

"పొద్దున మనిషి నిక్షేపంగా ఉన్నాడు. నీ చేతి మజ్జిగ తాగాకే ఇట్టా అయింది. ఏం కలిపావే?"

కోడలు కనకం కొద్దికాలం కిందటే సంగం జాగర్లమూడి నుంచి కాపురానికి వచ్చిన పిల్ల. పుట్టింట్లో మగ్గం ఉంది గాని రంగుల పని లేదు. ఏడవడం కూడా మరిచిపోయి నిలబడి ఉంది. వెంట వచ్చిన బంధువొకరు అప్పటికే పోలీసుల మాట ఎత్తారు.

"మజ్జిగలో ఏం వేశావమ్మా?" అని అడిగాను.

"ఉప్పేనండి."

"ఎందులోది?"

"వంటింట్లో అయిపోయిందండి. వసారాలో ఎర్ర పోగు కట్టిన జాడీ ఉంటే అందులోంచి తీశాను. పోగు అమ్మవారికి కట్టారనుకున్నానండి."

శేషమ్మ వెనక్కి జరిగి, "అది రంగులోకి వేసేదే పిల్లా" అని గోడకు ఆనుకుంది.

ఆ జాడీలో ఉన్నది సోడియం నైట్రైట్. నూలు మీద ఎర్రరంగు తేల్చడానికి వాడే రసాయనం. చూపుకు ఉప్పే, నాలుకకూ ఉప్పగానే ఉంటుంది. ఒంట్లోకి పోతే, ప్రాణవాయువును మోసే పదార్థం రక్తంలో ఆ పనికి పనికిరాకుండా పోతుంది. ఊపిరితిత్తుల నిండా గాలి ఉన్నా మనిషికి అందదు. ఎర్ర పోగు కట్టినది పొయ్యి దగ్గరికి రాకూడదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. అందరికీ తెలిసిందే కనుక, కొత్తగా వచ్చిన పిల్లకు చెప్పాలని ఎవరికీ తోచలేదు.

దానికి విరుగుడు మిథిలిన్ బ్లూ. విచిత్రమేమిటంటే అదీ రంగే. బట్టల కోసం పుట్టింది. తరువాత మలేరియా క్రిమిని మైక్రోస్కోపు కింద గుర్తుపట్టడానికి పనికివచ్చింది. ఆ దారిలోనే మందైంది. ల్యాబులో కలిపి ఉన్నదే ఇస్తే త్వరగా అవుతుందని ఎవరో అన్నారు. అది గాజుపలకల మీద వేసేది, నరానికి ఎక్కించేది కాదు. ఔషధానికి తగిన శుద్ధమైన పొడి నా బీరువాలో ఉంది. దాన్ని తూచి, కరిగించి, వడకట్టి ఆటోక్లేవ్‌లో పెట్టాను. ఒత్తిడిలో ఉన్న ఆవిరితో క్రిములను చంపే పాత్ర అది. డాక్టరమ్మ తలుపు దాకా వచ్చి, వెళ్లి, మళ్లీ వచ్చారు. నేను సమయం తగ్గించలేదు.

సిరంజిలోని చిక్కటి నీలాన్ని చూసి శేషమ్మ అడ్డం వచ్చింది.

"మనిషే నీలంగా ఉంటే ఇంకా నీలం ఎక్కిస్తారాండి?"

"ఇది ఎక్కితేనే అది దిగుతుందమ్మా" అన్నారు డాక్టరమ్మ.

గంట తిరగకముందే పెదవులకు ఎరుపు వచ్చింది. సాయంత్రం మూత్రం ఆకుపచ్చగా వస్తోందని నర్సు చెబితే బ్రహ్మయ్య నీరసంగా, "సరిగ్గా పట్టలేదేమోనమ్మా, రంగు వదులుతోంది" అన్నాడు.

కనకం మంచం కాళ్ల దగ్గర నిలబడి, "తప్పు నాదే మావయ్యా" అంది.

"నీదెందుకవుతుంది? పోగు కట్టింది నేను. ఎందుకు కట్టానో నీకు చెప్పనిదీ నేనే. రేపట్నుంచి ఆ జాడీలన్నీ నువ్వే చూసుకో." భార్య వైపు తిరిగాడు. "విన్నావా?"

"విన్నాలే" అంది శేషమ్మ. మంచినీళ్ల గ్లాసు కోడలి చేతిలో పెట్టి, "నువ్వే తాగించు" అని పక్కకు జరిగింది.

ఆ తరువాత నా గదిలోకి ఎవరు కొత్తగా వచ్చినా, ఊడ్చే మనిషైనా సరే, బీరువాల ముందు నిలబెట్టి ఏది ఏమిటో నోటితో చెప్పేవాణ్ణి. చాదస్తమని నవ్వినవారున్నారు. సీసా మీద చీటీ రాసినవాడికి దాని అర్థం ముందే తెలుసు. తెలియవలసింది రెండోవాడికి.