కుదుపుల్లేని మైలు

పుంగనూరు నుంచి మదనపల్లెకు పోయే రోడ్డులో ఒక మైలు హనీఫ్‌ది. సర్కారుదే అనుకోండి. కానీ ఏళ్ల తరబడి దాని గుంతలు పూడ్చిన దినకూలీ అతనే కాబట్టి జనం దాన్ని హనీఫ్ మైలనేవారు. ఆ పని పర్మినెంటు కావాలన్నదొక్కటే అతని కోరిక.

1983లో కబురొచ్చింది. ఏ రోడ్డు మీద పెట్టిన డబ్బుకు ఎంత ఫలితముందో కొలవడానికి ఇంజనీరు వస్తాడట. జీపు వెనక చిన్న చక్రం కట్టి కుదుపులు లెక్కబెడతారట.

“గుంతల్ని అట్లే ఉండనీ అప్పా,” అన్నాడు పక్క మైలు కూలీ ఆదెప్ప. “అడక్కపోతే అమ్మయినా పెట్టదంటారు. గుంత సూపించకుండా సర్కారును ఏమడుగుతావు?”

“ఇంటికొచ్చేవాళ్లకు చిరిగిన చాప ఏస్తామా?” అన్నాడు హనీఫ్.

పండగకు ఇల్లు సర్దినట్టు రోడ్డంతా సర్దాడు. భార్య అజీజాబీ కూడా కంకర గంపలు మోసింది. మైలురాయికి సున్నం కొట్టారు. ఆ కష్టం తలుచుకుంటే చూసినవాళ్లకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

హనీఫ్ మైలు మీద చక్రం కిక్కురుమనలేదు. ఆదెప్ప మైలు మీద ఎగిరెగిరి పడింది. ఇంజనీరు జీపు దిగి హనీఫ్ భుజం తట్టాడు. హనీఫ్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి.

నెల తిరక్కుండా ఆర్డరొచ్చింది. కుదుపుల్లేని మైలుకు మనిషి దండగట. ఆదెప్పను పర్మినెంటు చేసి, హనీఫ్‌ను తీసేశారు.

“గుంతల్లేకుండా సేసింది నేనే గదా సార్,” అని ఆఫీసుకు పోయి మొత్తుకున్నాడు.

ఇంజనీరు మంచివాడే. చాలాసేపు కాగితాలు తిరగేశాడు. “నిజమేనయ్యా. కానీ ఆ సంగతి రాయడానికి ఇందులో గడి లేదు,” అన్నాడు.

హనీఫ్ కుప్పం దగ్గర రాళ్లు కొట్టే పనిలో చేరాడు. మరుసటేడు వానలు వెలిశాక, నడుంనొప్పితో లేవలేకపోతున్న అజీజాబీని మదనపల్లె ఆస్పత్రికి బస్సులో తీసుకుపోతున్నాడు. సున్నం వెలిసిన మైలురాయి దాటగానే బస్సు గుంతలో పడింది. అజీజాబీ “అమ్మా” అని మూలిగింది.

“ఈడ రోడ్డు పని జేసేవాడెవడో, జీతం తిని పండుకున్యాడు,” అన్నాడు వెనక సీటు పెద్దాయన. అందరూ అవునన్నారు.

హనీఫ్ తలొంచుకున్నాడు. ఆ మైల్లో నీళ్లు నిలిచే చోట్లన్నీ అతనికి తెలుసు. తర్వాతి గుంత రాకముందే అజీజాబీ నడుము వెనక చెయ్యి పెట్టి, గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు.